బెండు కట్టె

మొన్న చలి పొద్దున మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ మంట వేసుకున్నాడు. పై అంతస్తులో ఎవరికో గాజు బల్ల వచ్చింది. బల్లను పైకి తీసుకుపోయి, దాని చుట్టూ బిగించిన చెక్కల చట్రాన్ని గేటు పక్కన పడేశారు. పైను చెక్క. సర్జాపుర రోడ్డులో ఇప్పుడు ఏదో ఒక ఇంట్లో రోజూ అలాంటి చట్రం విప్పుతూనే ఉంటారు. నడకకు దిగినదాన్ని ఆ పొగ దగ్గర ఆగిపోయాను. పచ్చి పైను కాలితే జిగురు కరిగి తియ్యటి వాసన వస్తుంది. అతను మంటలో వేయబోతున్న పలకను అందుకుని, వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాను.

"మేడమ్, మేకులుంటాయి, చూసుకోండి" అన్నాడు వాచ్‌మన్.

నా వయసు ఆడమనిషి చెక్కను తట్టి వినడం అతనికి వింతగా తోచి ఉంటుంది. మా ఇంట్లో అది వింత కాదు. పంపకాలన్నీ అయ్యాక మాకు మిగిలింది ఆ విద్య ఒక్కటే.

మాది కట్టెల వ్యాపారం చేసిన ఇల్లు. మా ముత్తాత హొసకోటె అవతలి నుంచి ఎద్దుల బండి మీద వచ్చి బెంగళూరులో కలప డిపో పెట్టాడు. తాత కాలానికి టేకు, మత్తి, నల్లటి బీటె దుంగలు గుట్టలుగా ఉండేవట. ప్రతి దుంగ చివరా తాత పేరులోని రెండక్షరాలు ఇనప సుత్తితో కొట్టేవారు. ఆ ముద్ర పడిన దుంగను కొనేవాళ్ళు మళ్ళీ కొలిచి చూసుకోరని మా అవ్వ చెప్పేది. నాకు తెలివి వచ్చేనాటికి అడవుల నుంచి కలప రావడం ఆగిపోయింది. అన్నదమ్ములు వేరుపడ్డారు. రంపాల షెడ్డు పోయింది, స్థలం పోయింది. దుంగలు దొర్లిన నేల మీద ఒక కల్యాణ మంటపం లేచింది. మాకు మిగిలినవి డిపో ముందు ఆఫీసుగా ఉండిన రెండు గదులు, వాటి వెనక చిన్న పెరడు.

మంటపం వాళ్ళు మంచివాళ్ళు. పక్కిల్లు కదా అని ప్రతి పెళ్ళికీ పిలిచేవారు. అవ్వ పోనిచ్చేది కాదు. మన నేల మీద మనల్నే పంక్తిలో కూర్చోబెట్టి ఆకు వేస్తారా అనేది. గోడ దాటి వడల వాసన వచ్చేది, నెయ్యి కాగిన వాసన వచ్చేది, సన్నాయి పాట వచ్చేది. మేము కిటికీ వేసి సంగటి తినేవాళ్ళం. తింటున్నంతసేపూ అవ్వ కళ్ళు నా వీపు మీద ఉండేవి. కాస్త వంగితే చేత్తో తట్టి, "నిక్కి కూర్చో పిల్లా. ఎవరింటి బిడ్డవు?" అనేది.

నాన్న పీణ్యలో ప్యాకింగ్ పెట్టెలు తయారుచేసే కార్ఖానాలో సూపర్‌వైజరు. బయట మేము అలా చెప్పేవాళ్ళం. నిజానికి ఆయన అక్కడ మేకులు కొట్టేవాడు. యంత్రాల భాగాలను దూరాలకు పంపడానికి పైను పలకలతో పెట్టెలు బిగించేవాడు. ఆ కార్ఖానా మేస్త్రీ ఒకప్పుడు మా రంపం దగ్గర పొట్టు ఎత్తినవాడు. అతను అందరి ముందూ నాన్నను "అయ్యా" అనే పిలిచేవాడు. తిట్టినా ఇంత కష్టంగా ఉండదని నాన్న ఒకసారి అమ్మతో అంటుంటే విన్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయేవాడు, సాయంత్రం వచ్చి పెరట్లో కిరోసిన్ గుడ్డతో గోళ్ళ కింది జిగురు తుడుచుకుని గాని ఇంట్లోకి వచ్చేవాడు కాదు.

ఇక విమానం సంగతి. బాగా ఉన్న రోజుల్లో నాన్నకు ఒక సరదా ఉండేది. తీగలు కట్టి ఎగరేసే చిన్న విమానాలు. పైలట్ మైదానం మధ్యలో నిలబడి పిడి పట్టుకుంటాడు. పిడి నుంచి రెండు సన్నటి ఉక్కు తీగలు ఇరవై గజాల దూరం పోయి విమానం రెక్కలోకి దూరతాయి. మణికట్టు పైకి వంచితే విమానం పైకి లేస్తుంది, కిందికి వంచితే దిగుతుంది. అది చుట్టూ తిరుగుతూ ఉంటే మనిషి కూడా దానితోపాటు తిరుగుతూనే ఉండాలి. తిరుగుతూనే దానిచేత గాలిలో గుండ్రాలు, చదరాలు, తలకిందుల నడక చేయించాలి. ఎంత చక్కగా చేయిస్తే అన్ని మార్కులు.

నాన్న ఆటలో మంచి పేరున్నవాడని విన్నాను. నేను చూసింది మాత్రం ఒక్కసారే. చెవిలో ఏదో జబ్బు చేసి లేచాక, నాకు పదేళ్ళప్పుడు, మైదానంలో మూడు చుట్లు తిరిగి నాలుగో చుట్టులో కూలిపోయాడు. తీగలు వదులై విమానం నీలగిరి చెట్ల మొదళ్ళకు కొట్టుకుంది. ఆయన లేచి ప్యాంటు దులుపుకుని, నేల జారిందన్నాడు. అది ఎండిన నేల. ఆ తర్వాత ఆయన మళ్ళీ పిడి పట్టుకోలేదు.

అటక మీద విప్పని కిట్టు పెట్టె ఒకటి మిగిలింది. మూత మీద ఎర్ర విమానం బొమ్మ. లోపల మడతలు పెట్టిన ప్లాను కాగితం, ముక్కల ఆకారాలు అచ్చువేసిన పలచటి బాల్సా చెక్కలు. నేను పీయూసీ మొదటి సంవత్సరంలో ఉండగా, నాన్న ఒకప్పుడు ఎగరేసిన విమానాల క్లబ్బు పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. ఇంజనీరుగా రిటైరైన మనిషి. ఆయన ఇంటి తలుపులన్నీ మా డిపో టేకు. ఆయన కమిటీలో ఉన్న ఒక బడికి పిల్లలకు చెక్కపని, మోడళ్ళు కట్టడం నేర్పే మాస్టరు కావాలి. నాన్న పేరు ఆయన మనసులో ఉంది. కాని నాన్న దగ్గర చూపించడానికి ఏ సర్టిఫికెట్టూ లేదు. కమిటీకి తన మాట ఒక్కటే చాలదని పెద్దాయన ఉన్నమాట చెప్పాడు. వచ్చే పోటీలో మీ పాప తన చేత్తో కట్టిన విమానం మొదటి మూడింటిలో నిలబడితే, ఈయన నేర్పగలడనడానికి ఇదిగో సాక్ష్యం అని కమిటీ ముందు పెడతానన్నాడు.

క్లబ్బులో కట్టినవాళ్ళే ఎగరేయాలి. అది వాళ్ళ కట్టుబాటు. పోటీ పొద్దున ఒక పెద్ద పుస్తకంలో 'ఈ విమానం పూర్తిగా నా చేతులతో కట్టినది' అన్న వాక్యం కింద సంతకం పెట్టాలి. అది విని అవ్వ చాలా సంతోషించింది. "మన ముద్ర లాంటిదే" అంది.

పెద్దాయన వెళ్ళాక నాన్న చాలాసేపు పెరట్లో నిలబడ్డాడు. ఆ రాత్రి అన్నం దగ్గర, తను ఆ విమానాన్ని వేలితో కూడా ముట్టుకోనని చెప్పాడు. కట్టడమైనా ఎగరేయడమైనా తను నోటితో చెబుతాడు, నేను చేయాలి. ఆ శీతాకాలమంతా ఆయన చేతులు వెనక్కి కట్టుకునే నా పక్కన నిలబడ్డాడు. అవి తనకు తెలియకుండా ముందుకు వస్తాయని భయమేమో, ఒక చేత్తో ఇంకో చేతి మణికట్టు పట్టుకునేవాడు.

కిట్టులోని చెక్క అన్నేళ్ళకు పెళుసైపోయింది, తాకితే విరిగింది. ప్లాను మీద గీతలు పట్టుకుని ముక్కలన్నీ కొత్త బాల్సాలో కోయాలి. తోకను రెండు వేళ్ళంత పొడవు పెంచాలని కూడా నాన్న అన్నాడు. పొడవు తోక ఉంటే గుండ్రం తిరిగి వచ్చాక విమానం తల ఊపదట. చెక్క తెచ్చే పని నాదే. "మన ఇంట్లో పుట్టినదానివి, కట్టె నువ్వే ఎంచుకో అమ్మణ్ణీ" అన్నాడు.

మెజెస్టిక్ అవతల మేడ మీద ఒక చిన్న అంగడి. అంగడి ఆయన రెండు దొంతరలు చూపించాడు. ఒకదానిలో పలకలు దూది లాగా ఉన్నాయి, ఇంకొకదానిలోవి చేతికి కాస్త గట్టిగా, బరువుగా తగిలాయి. ఒక్కొక్కదాన్నీ కణుపుతో తట్టి విన్నాను. మా ఇంట్లో మంచి కట్టె అంటే చేవ ఉన్న కట్టె, చేవ ఉంటే బరువుంటుంది. తేలిక కట్టెను అవ్వ మనుషుల్లో కూడా లెక్కపెట్టేది కాదు. నేను బరువు దొంతరలోంచి అన్నిటికన్నా బరువైన పలకలు ఏరాను. అంగడి ఆయన ఏదో చెప్పబోయాడు. "మేం కట్టెల వ్యాపారం వాళ్ళం" అన్నాను. ఆయన వాటిని కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఇంటికి వచ్చి పలకలను నాన్న ముందు పరిచి, ఒక్కొక్కటీ తట్టి వినిపించాను. ఆయన వంగి చూశాడు. నా ముఖం చూశాడు.

"బాగుండాయి" అన్నాడు.

ఆ మాట అనడానికి ఆయనకు ఎంతసేపు పట్టిందో అప్పుడు గమనించలేదు. అవ్వ మాత్రం ఒక పలకను గోటితో నొక్కి చూసి, గుంట పడితే ముఖం చిట్లించింది. "ఇది కట్టెనా, బెండా? మా మామ ఉండుంటే దీన్ని పొయ్యిలోకి కూడా రానిచ్చే వాడు కాదు" అంది. "ఎత్తి చూడవ్వా, ఇదే బరువైనది" అని నేను రోషంగా చెప్పాను.

అది అనపకాయల కాలం. అవ్వా అమ్మా చాప నిండా కాయలు పోసుకుని ఒలిచేవారు, నానబెట్టిన గింజలను బొటనవేలితో నొక్కి పప్పు పితికేవారు. ఇల్లంతా ఆ పచ్చి వాసన. దానితో కలిసి నా డోపు వాసన. డోపు అంటే రెక్క మీద అంటించిన పలచటి కాగితం బిగుసుకోవడానికి పూసే వార్నిషు. మగ్గిన అరటిపండు లాగా తల తిరిగేంత ఘాటు. పితికిపప్పు పులుసులో కూడా డోపు వాసన వస్తోందని అవ్వ రోజూ అనేది, రోజూ రెండోసారి వేయించుకునేది.

ఇంజన్ నడవడానికి స్పిరిటులో ఆముదం కలపాలి. ఒకరోజు అంగట్లో తెచ్చిన ఆముదం అయిపోతే, అవ్వ తలకు రాసుకునే వంటాముదం సీసా నుంచి సగం వంపేశాను. ఇంజన్‌ను పాత స్టూలుకు బిగించి పెరట్లో తిప్పితే, నల్లటి పొగ కక్కి, గోడ అవతల ఆరేసిన పక్కింటామె తెల్ల దుప్పటి మీద జిడ్డు చుక్కలు చల్లి ఆగిపోయింది. నేను సీసా కడిగి యథాస్థానంలో పెట్టి, ఏమీ తెలియనట్టు పుస్తకం పట్టుకున్నాను. పక్కింటామె వచ్చి, మంటపం జనరేటరు పొగ పడిందని తనకు తానే తేల్చుకుని వాళ్ళను తిట్టి పోయింది. సాయంత్రం నాన్న ఇంజన్ వాసన చూశాడు, సీసా వాసన చూశాడు. నా చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకుపోయి గుమ్మం ముందు నిలబెట్టాడు. నేను చేసింది నేనే చెప్పి, దుప్పటి తీసుకొచ్చి సున్నిపిండితో రెండుసార్లు ఉతికాను. తిరిగి వస్తుంటే ఆయన ఒకే మాట అన్నాడు.

"చేసింది చేసినామని చెప్తే మనది ఏమీ పోదు. చెప్పకుంటే పోతాది."

విమానం పూర్తయింది. మూత మీది బొమ్మ లాగే ఎరుపు రంగు వేశాను. రంగు చాలలేదనిపించి ఏడు పూతలు పూశాను. వీధి చివర కిరాణా అంగట్లో త్రాసు మీద పెడితే కిలో మూడు వందల యాభై గ్రాములు తూగింది. అంగడి ఆయన, చక్కెర కొలిచినంత శ్రద్ధగా కొలిచి, "బాగానే తూగింది" అన్నాడు. నాకు సంతోషమేసింది.

మైదానంలో అది ఎగిరింది. ఎగరడం వరకు బాగానే ఎగిరింది. గుండ్రంలో పైకి పోయి దిగేటప్పుడు మాత్రం బరువుగా కూలబడేది. చదరం మూలలు తిప్పితే ఆలోచించి ఆలోచించి తిరిగేది, కింది మూలలో దాదాపు గడ్డిని తాకేది. క్లబ్బు పెద్దాయన చూసి, బండి బరువైందని మెల్లగా అన్నాడు. నాన్న చేతులు వెనక్కి పెట్టుకుని, ఇంజన్ సరిచేస్తే సరిపోతుందన్నాడు. నా చెక్క గురించి ఆయన ఎవరి దగ్గరా ఒక్క మాట అనలేదు. నాకూ చెప్పలేదు. చెప్పి ఉంటే కొత్త పలకలు తెచ్చి మళ్ళీ కట్టుకునే దాన్ని, అప్పటికి ఇంకా నెలన్నర గడువుంది. పలకలు తెచ్చి పరిచిన పొద్దు నా ముఖంలో ఏం చూశాడో గాని, తప్పు ఎంచుకున్నావని అనడానికి ఆయనకు నోరు రాలేదు. పెట్టెకు మేకు కొట్టడం మానుకోవాలంటే ఆయన మాస్టరు కావాలి. మాస్టరు చేయాల్సిన పని అదొక్కటే, తప్పును తప్పని చెప్పడం. అది ఆయనకు నా దగ్గర చేతకాలేదు.

పోటీకి మూడు వారాలుండగా హొసకోటెలో పెద్దమ్మ కూతురి పెళ్ళి వచ్చింది. అమ్మా నేనూ ఐదు రోజులు పోయాం. నాన్న పని ఉందని, అవ్వ మోకాళ్ళని ఆగిపోయారు. తిరిగి వచ్చేసరికి ఇంట్లో డోపు వాసన కొత్తగా ఉంది. విమానం నేను తగిలించిన మేకుకే వేలాడుతోంది. నేను లేనప్పుడు ఎవరొచ్చారవ్వా అని అడిగితే, "నాకేం తెలుసునమ్మా, కండ్లు కనపడవు" అంది. చేటలో బియ్యం పోసి గుమ్మంలో కూర్చుంటే ఇసుకంత రాయిని కూడా వదలని మనిషి.

ఆ ఆదివారం మైదానంలో నా మణికట్టు కింద వేరే ప్రాణి తిరిగింది. గుండ్రం తిప్పితే గుండ్రం, మూల తిప్పితే మూల. తీగల్లో నుంచి దాని ఊపిరి అరచేతికి తెలిసేది. దిగాక నాకు నవ్వాగలేదు. ఎలా మారిందని నాన్నను అడిగాను.

"ఇంజన్ విప్పి కడిగినాను. లోపల మసి పట్టి ఉండింది" అన్నాడు నాన్న. ఇంజన్ అంగట్లో కొన్నదే, కట్టుబాటు దానికి పట్టదు. నమ్మాను. మిగతా రెండు వారాలూ ఆయన నా పక్కన కాస్త వదులుగా నిలబడేవాడు. ఒకరోజు కార్ఖానా నుంచి వస్తూ బోండాలు తెచ్చాడు. బడి పిల్లలకు ముందు గాలిపటం కట్టడం నేర్పాలా, పడవా అని అమ్మను అడుగుతుంటే విన్నాను. అమ్మ నవ్వి, ముందు సుత్తి పట్టుకోవడం నేర్పమంది.

పోటీ పొద్దున నాన్న తాత కోటు వేసుకున్నాడు. భుజాల దగ్గర వదులైనా నాకు బాగానే కనిపించింది. అమ్మ చిత్రాన్నం కట్టిచ్చింది. మైదానంలో మంచు ఇంకా పోలేదు, కాలిన ఆముదం వాసన అప్పుడే చుట్టుకుంటోంది. పోటీదారులు తాడు లోపల, మిగతావాళ్ళు తాడు బయట. ఎగరేసే ముందు ప్రతి విమానాన్నీ తూచి, ఆ బరువును బట్టి తీగలను స్ప్రింగు త్రాసుతో లాగి చూస్తారు. తీగ తెగితే విమానం పోయి ఎవరికైనా తగులుతుందని.

తూచే ఆయన అంకె చదివాడు. కిలో రెండు వందల ముప్పై.

మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ చూసి మళ్ళీ అదే చెప్పాడు. మా కిరాణా త్రాసు నూట ఇరవై గ్రాములు తప్పు చూపే త్రాసు కాదు. విమానాన్ని చేతిలోకి తీసుకుని కణుపుతో రెక్క మీద తట్టాను. చెవి దగ్గర పెట్టుకుని ముక్కు మీద, తోక దగ్గర తట్టాను. నేను కట్టినప్పుడు వినిపించిన శబ్దం కాదు. లోపల ఖాళీ ఉంది. ఖాళీ అంచులు కూడా నున్నగా ఉన్నాయని ఆ శబ్దం చెబుతోంది. మా వీధిలో అంత నున్నగా తొలచగలిగిన చేయి ఒక్కటే ఉంది.

తూకం బల్ల పక్కనే పుస్తకం తెరిచి ఉంది. పెద్దాయన పెన్ను అందించాడు. నేను తాడు దగ్గరికి నడిచాను. నాన్న అటువైపు చిత్రాన్నం సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నాన్నా, దీన్ని నువ్వు ముట్టుకున్నావా?"

ఆయన ఇంకెవరిదో పచ్చ విమానం వైపు చూశాడు. "పోయి సంతకం పెట్టు అమ్మణ్ణీ. నీ వంతు వస్తా ఉండాది."

"ముట్టుకున్నావా, లేదా?"

"కట్టిందంతా నీదే" అన్నాడు. గొంతు ఎప్పటికన్నా తగ్గింది. "నేను పెట్టింది ఏమీ లేదు. ఒక్క ముక్క మార్చలేదు. తీసేసిందే. ఊరికే బరువు తీసినాను."

"అక్కడ పూర్తిగా నా చేతులతో అని రాసి ఉండాది."

"చూసినాను." సంచిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఈ ఒక్కసారి పెట్టు."

మా నాన్న ఎవరినైనా బతిమాలి ఏదైనా అడగడం నేను విన్నది అదే మొదలు. నా ముందు తాత కోటులో ఆయన వీపు వంగి ఉంది. ఆ వంపు చూసి నాకు జాలి కలగలేదు. సిగ్గు కలిగింది. అవ్వ చేయి నా వీపును తట్టినట్టు నేను నిక్కి నిలబడ్డాను. బల్ల దగ్గరికి పోయి పెన్ను పుస్తకం మీద అడ్డంగా పెట్టి, ఇది నేనొక్కదాన్నే చేసింది కాదని చెప్పాను.

పెద్దాయన మొదట నవ్వాడు. "ఎవరి అప్పాజీ సాయం చేయడమ్మా? వీళ్ళందరి నాన్నలూ చేసినవాళ్ళే. పెట్టు" అన్నాడు.

"మా ఇంట్లో అట్లా లేదు సార్" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నాలో ఉన్నది బాధ అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది బాధ కాదు. గర్వం. ముద్ర వేసిన సుత్తి చేతిలో ఉన్నట్టు అనిపించింది. పదహారేళ్ళ పిల్లకు అంతమంది మగవాళ్ళ మధ్య అంత ఎత్తు దొరికితే దిగబుద్ధి కాదు.

నాన్న తీగలను తనే చుట్టాడు. ఎక్కడా మడత పడకుండా, ముడి పడకుండా, చక్రానికి నిదానంగా చుట్టాడు. ఇప్పుడు ముట్టుకోవచ్చు కదా. పెద్దాయన తాడు దాటి వచ్చి, పోనీ పోటీలో లెక్కలేకుండా ఒకసారి ఎగరేయమని, చూసి సంతోషిస్తామని అన్నాడు. "వద్దులే స్వామీ" అన్నాడు నాన్న. అప్పటికి ఆయన వీపు మళ్ళీ నిటారైంది.

బస్సులో విమానం ఆయన ఒళ్ళో ఉంది, రెక్క నా ఒళ్ళోకి వచ్చింది. చిత్రాన్నం విప్పలేదు. చాలా స్టాపులు దాటాక, కిటికీ వైపు చూస్తూనే అడిగాడు.

"బరువెంత వచ్చింది?"

నేను జవాబు చెప్పలేదు. ఆయన రెండోసారి అడగలేదు. బస్సులోనూ అడగలేదు, ఇంట్లోనూ అడగలేదు, ఆ తర్వాత పోయేదాకా ఎన్నడూ అడగలేదు.

ఆ రాత్రి మంటపంలో పెళ్ళి. అవ్వకు అమ్మ అంతా చెప్పింది. నన్ను మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. అవ్వ సంగటి ముద్ద చుట్టూ వేలు తిప్పుతూ కూర్చుంది. వీపు నిక్కి పెట్టమని కూడా అనలేదు.

బడికి ఎవరో డిప్లొమా ఉన్న కుర్రవాడు వచ్చాడని తర్వాత తెలిసింది. నాన్న ఇంకా పన్నెండేళ్ళు పీణ్యలో పెట్టెలు బిగించాడు. కార్ఖానాలు మారాయి, చివర్లో మేకులు కొట్టే యంత్రం వచ్చింది, ఆయన పలకలు అందించేవాడు. 'అయ్యా' అనే మేస్త్రీ కూడా పోయాక ఆయన్ను ఎవరూ ఏమీ అని పిలవలేదు. నేను చదువుకుని, ఉద్యోగం చేసి, ఈ అపార్ట్‌మెంటు కొన్నాను. ఆఫీసులో నా నిజాయితీ గురించి గౌరవంగా మాట్లాడతారు. నా దగ్గర ఎవరూ ఒక్కసారికి అని అడగరు. అడిగేంత దగ్గరగా ఎవరూ లేరు.

మొన్న మంట దగ్గరి నుంచి పైకి వచ్చి, అలమర మీద నుంచి విమానాన్ని దించాను. ఇంజన్ ఎప్పుడో తుప్పు పట్టి పోయింది. రెక్క మీది కాగితం పగిలి చాలా చోట్ల విడిపోయింది. మొదటిసారి లోపల చూశాను. నేను కోసిన చెక్కలే, వంకర గీతలతో, నా బ్లేడు జారిన చోట్లతో సహా. ప్రతి చెక్కలోనూ మూడు గుండ్రటి రంధ్రాలు, అంచులు నాణెంలా నున్నగా. ముక్కు లోపల గోడలు గోరంత మందం మిగిల్చి తొలిచాడు. రెక్క కాగితం విప్పి మళ్ళీ అంటించి, నా ఏడు పూతల రంగు గీకి రెండు పూతలు చేశాడు. ఐదు రోజుల్లో, కార్ఖానా నుంచి వచ్చాక, కళ్ళు కనపడవన్న అవ్వ పక్కన కూర్చుని ఉండగా. ఒక్క ముక్క మార్చలేదు. ఆయన చెప్పింది నిజమే. పెన్సిలుతో ఏదైనా రాశాడేమో అని రెక్క లోపలి ప్రతి అరలోకీ టార్చి వేసి చూశాను. ఏమీ లేదు. అలా రాసే మనిషి కాదు.

బరువే మంచితనమని నమ్మిన ఇంట్లో పుట్టి, కూతురు చేసిన తప్పును ఎవరికీ తెలియకుండా రంధ్రం రంధ్రంగా తేలిక చేసిన మనిషి, తన పని ఎంతకు వచ్చిందో తెలుసుకోవాలనుకున్నాడు. పనివాడు ఎవడైనా అడిగే మాట అది. మెప్పు కూడా కాదు, ఒక అంకె.

కిలో రెండు వందల ముప్పై గ్రాములు. మైదానం నుంచి మా ఇంటికి బస్సులో గంట పైన పట్టేది. చెప్పడానికి నాకు అంత సమయం ఉండింది.